గూటి కింద రోకలి, కాగితంలో ‘సడన్లీ’

గిర్మాజీపేట ఇల్లు ఖాళీ చేస్తున్న రోజున, సామాను కట్టడానికి వచ్చిన మనిషి నడిమింట్లో గూటి కింద నిలబెట్టి ఉన్న రోకలిని రెండు చేతులతో లేపి, “అమ్మా, ఇది పారేసుడా, పట్టుకపోవుడా?” అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నేను పోతున్నది మడికొండ దిక్కు కొత్తగా లేచిన అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తుకు. అక్కడ నేను కారం దంచడం మొదలుపెడితే మూడో అంతస్తువాళ్ళ ఫ్యాను వాళ్ళ అన్నంలో పడుతుంది. పైగా ఈ రోకలి ఏదైనా దంచి నలభై ఏళ్ళు దాటింది. చివరనున్న ఇనుప పొన్ను తుప్పు పట్టింది. నడుమ, చెయ్యి పట్టుకునే చోటు మాత్రం ఇంకా నున్నగా ఉంది. “పట్టుకపోవుడే” అన్నాను. “మరి రోలేది?” అన్నాడు. “రోలు ఎప్పుడో పోయింది. ఇది రోలు లేకుండనే పనిచేస్తది” అన్నాను. ఆ మనిషి నన్నొకసారి, రోకలినొకసారి చూసి, ముసలివాళ్ళతో వాదనెందుకు అనుకున్నాడేమో, దానిని పరుపుల మధ్య పసిపిల్లను పండబెట్టినట్టు పండబెట్టాడు.

రోకలి సంగతి చెప్పాలంటే ముందు ఒక ఇంగ్లీషు మాట సంగతి చెప్పాలి. ఆ మాట సడన్లీ. దాని అర్థం నాకు ఇరవయ్యో ఏట తెలుసు అనుకున్నాను. అదే ఏట తెలియదని తెలిసింది. అప్పటికి నేను ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషు రెండుసార్లు తప్పి, సైకిల్ షాపు మీది ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్చుకుని, లోయర్ పాసై, హయ్యర్ తప్పి, ఆ రెంటి నడుమ ఎక్కడో నిలబడ్డ మనిషిని. టైపు నేర్చుకున్నాను గానీ నా టైపు మారలేదని మా ఇన్‌స్టిట్యూట్ మాస్టారు అనేవారు. అట్లాంటి నాకు ఒక కోర్టులో తాత్కాలికపు టైపిస్టు పని దొరికింది. దొరికిన గర్వంలో పాత పుస్తకాల బండి మీద ఒక ఇంగ్లీషు నిఘంటువు కొన్నాను. మొదటి అక్షరమంతా చెదలు తినేశాయి. అందుకని ‘అబ్రప్ట్‌లీ’ అనే మాట ఒకటుందని నాకు చాలా ఏళ్ళు తెలియదు. సడన్లీ మాత్రం పదిలంగా ఉంది. మా జడ్జిగారి నోట్లోనూ పదిలంగా ఉండేది.

అప్పటి పద్ధతి ఇది. సాక్షి బోనులో నిలబడి తన తెలుగులో చెప్తాడు. జడ్జిగారు విని, దాన్ని ఇంగ్లీషు చేసి పైనుంచి చెప్తారు. కింద కూర్చున్న నేను మెషిన్ మీద కొడతాను. సాక్షి ఏడ్చినా, తిట్టినా, రొమ్ము బాదుకున్నా, నా కాగితం మీదికి వచ్చేసరికి అందరూ ఇస్త్రీ చేసిన ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ళు. చివర ‘చదివి వినిపించగా సరియని ఒప్పుకొన్నారు’ అనే అర్థం వచ్చే ఒక వాక్యం కొట్టి, వేలిముద్ర వేయించేవాళ్ళం. చదివేదీ ఉండదు, వినేదీ ఉండదు. ఆ వాక్యం కొట్టడమే చదవడం కింద లెక్క. జడ్జిగారు కోస్తా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన పెద్దమనిషి. మృదువైన మనిషి. మా వైపు మాట ఆయనకు సగం అర్థమయ్యేది, మిగతా సగం బెంచి క్లర్కు ఖాదర్ సాబ్ అందించేవాడు. ఆ సందులో ఊపిరి తీసుకోవడానికి ఆయనకు ఒక మాట కావాలి. అది సడన్లీ. అందరూ సడన్లీ వచ్చేవాళ్ళు, సడన్లీ తిట్టుకునేవాళ్ళు, సడన్లీ గొడ్డళ్ళు తీసేవాళ్ళు. ఒక కేసులో ఎద్దు కూడా సడన్లీ మేసింది.

నాకు ఒళ్ళు మండేది. మన దగ్గర ఆ ఒక్కదానికి ఎన్ని మాటలు! పిల్లి చటుక్కున లేస్తుంది. కుండ గభాలున పడుతుంది. నిద్రలో ఉన్న మనిషి దిగ్గున లేస్తాడు. బస్సు తటాలున ఆగుతుంది. ఏడుపు ఉన్నట్టుండి వస్తుంది. కాలికి రాయి అదాటున తగులుతుంది. వీటన్నిటినీ ఒక్క తాడుతో కట్టి ఇంగ్లీషు గోదాములో పడేస్తున్నారే అని నా బాధ. ఖాదర్ సాబ్‌తో అంటే, ఆయన జర్దా పాన్ బుగ్గన పెట్టుకుని, “చూడు బేటీ, నువ్వు మెషిన్. మెషిన్‌కు చెవులుంటయ్, వేళ్ళుంటయ్. దిమాగ్ ఉండద్దు. దిమాగ్ పైన కూసున్నది” అని కళ్ళతోనే బెంచీ వైపు చూపేవాడు.

ఇక మా ఇల్లు. బాపు బట్టల మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసేవాడు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయి, ఇంట్లో కూడా పది మగ్గాల మీదినుంచి మాట్లాడినట్టే మాట్లాడేవాడు. షిఫ్టు దిగి వస్తే చొక్కా నిండా దూది పీచు, నూనె వాసన. సైకిల్ స్టాండు వేసే చప్పుడును బట్టి ఆ సాయంత్రం ఎట్లా గడుస్తుందో మాకు తెలిసిపోయేది. మెల్లగా వేస్తే అన్నం. ఠక్కున తంతే అమ్మ లేచి ఇత్తడి చెంబు, కత్తిపీట మంచం కిందికి తోసేది. తర్వాత జరిగేది పూజలాగా ఒక వరుసలో జరిగేది. బాపు లోపలికి వచ్చి, చేతి గడియారం విప్పి గూట్లో పెట్టేవాడు. పెండ్లిలో మా అమ్మమ్మవాళ్ళు పెట్టిన గడియారం అది. వాళ్ళు పెట్టినదానికి దెబ్బ తగలకుండా, వాళ్ళు ఇచ్చినదాన్ని కొట్టేవాడు. ఆయన గడియారం విప్పుతుంటే అమ్మ మూలకు తిరిగి గాజులు తీసి సందుగు మీద పెట్టుకునేది. గాజులు పగిలితే మళ్ళీ కొనాలి, పైగా గుచ్చుకుంటాయి. ఇద్దరూ తయారయ్యాక మొదలయ్యేది. బెల్టు, చెప్పు, ఒకసారి సైకిల్ పంపు. ఒకసారి అమ్మ జుట్టు పట్టి గోడకు కొడితే, గోడ సున్నం రాలి అమ్మ పాపిట్లో పడింది, నేను రాలింది ఎముక అనుకున్నాను. అంతా అయ్యాక గడియారం కట్టుకుంటూ బాపు అనేవాడు: “ఏమోనే. అదాటున కోపమొస్తది నాకు.” అమ్మ గాజులు ఎక్కించుకుంటూ “అయితది తియ్యి” అనేది. నేనూ నమ్మాను. మా బాపు మంచివాడే, అదాటున కోపమొస్తుంది అని స్నేహితురాళ్ళకు చెప్పేదాన్ని.

ఎల్లమ్మ మాకు కూరగాయలు తెచ్చేది. ఖిలా వరంగల్లు నుంచి గంప నెత్తిన పెట్టుకుని, కోట దర్వాజాలు దాటి, పొద్దున ఏడింటికల్లా మా గడపలో దించేది. వంకాయ, తోటకూర, చలికాలం మొదట్లో సీతాఫలాలు. గంప దించాక ఆమె, అమ్మ కలిసి చాయ్ తాగేవాళ్ళు. ఆ చాయ్ తాగడంలో ఒక ఆనవాయితీ ఉండేది. ఎల్లమ్మ కొంగు జరిపి భుజం చూపేది. అమ్మ మోచెయ్యి చూపేది. “గిది దేనితోని?” “బెల్టు. నీకు?” “పలుపు తాడు.” ఏ ఆకు వేసి కట్టాలో, పసుపు ఎంత వెయ్యాలో చెప్పుకుని, “వంకాయలు ముదిరినయి కదనే” “నీ మొగని కంటెనా అక్కా!” అని నవ్వుకునేవాళ్ళు. ఎల్లమ్మ నవ్వితే ముందు పన్ను సగం ఉండేది కాదు. ఆమె మొగుడు రాజయ్య సున్నపు బట్టీలో పనిచేసేవాడు. నేను ఒకటి రెండుసార్లు చూశాను. బక్కపలచని, మెత్తటి మాటల మనిషి.

ఒక పొద్దున గంప రాలేదు. ఎనిమిదింటికి కబురు వచ్చింది. రాజయ్య గోడకు ఆనుకుని జొన్న గటుక తింటుంటే, ఎల్లమ్మ రోకలితో నడినెత్తిన ఒక్కటే వేసింది. తల గుమ్మడికాయలాగా విచ్చుకుందని, నోట్లో గటుక నోట్లోనే ఉందని, నెత్తురు కంచంలోకి కారి గటుక ఎర్రబడిందని వీధి వీధంతా చెప్పుకుంది. ఎల్లమ్మ పారిపోలేదు. రోకలి కడిగి, గోడకు నిలబెట్టి, గడపలో కూర్చుంది. అమ్మ ఆ కబురు విని పొయ్యి ముందు కూర్చుంది. ఆరిపోయిన పొయ్యిని చాలాసేపు ఊదింది.

కేసు మా కోర్టుకే వచ్చింది. వచ్చినప్పుడు నాకు భయం కన్నా ఉబలాటమే ఎక్కువ కలిగిందని ఇప్పుడు ఒప్పుకోవాలి. ఖాదర్ సాబ్ నాకు విడమరచి చెప్పాడు: “ముందుగాల్నే అనుకోని చంపితె జీవిత ఖైదు, లేకుంటె ఉరి. మొగడు కొట్టినప్పుడు, గా కోపంల, గప్పటికప్పుడు చెయ్యి లేస్తె వేరే కథ. కొన్నేండ్లు పడ్తయ్, ఇంటికొస్తది. దానికి ఇద్దరు పిల్లలున్నరు. మొత్తం కేసు గింతే బేటీ. ముందుగాల్ననా, అప్పటికప్పుడా.” పోలీసువాళ్ళ వాదన ఏమిటంటే, పెరట్లో రోటి దగ్గర ఉండే రోకలి రెండు రోజుల ముందే నడిమింట్లోకి వచ్చిందని. చూసిన సాక్షి ఒక్కతే. రాజయ్య తల్లి, నర్సవ్వ. కొడుకును పోగొట్టుకున్న తల్లి కోడలిని బతకనిస్తుందా? ఎవరూ అనుకోలేదు.

నర్సవ్వ బోనులోకి వచ్చింది. బోను కర్ర కన్నా కొంచెమే ఎత్తున్న మనిషి. అడ్డకొంగు, చేతికి కడెం, కళ్ళలో పొర. ప్రాసిక్యూటర్ ఏం చూశావంటే, కర్ర పట్టుకుని చెప్పింది: “పొద్దుగాల కొట్టిండు. కొట్టి, బువ్వ పెట్టుమన్నడు. పెట్టింది. మావోడు గోడకాన కూసోని తింటాండు దొరా. ఇది లేచింది. రోకలెత్తి ఏసింది. ఒక్కటే ఏటు. అమ్మా అని సుత అనలే.” జడ్జిగారు కళ్ళు మూసుకుని, అలవాటు ప్రకారం ఇంగ్లీషు చెప్పారు. నిందితురాలు సడన్లీ లేచి, రోకలి తీసుకుని, నా కొడుకు తలపై కొట్టింది.

నా వేళ్ళు ఆగాయి. ముసలమ్మ ఆ మాట అనలేదు. ఆమె అనని మాటను ఆమె నోట్లో ఎందుకు పెట్టాలి? చెదలు తినని నిఘంటువు భాగమంతా నా నెత్తికెక్కి కూర్చుంది. ఆ ఒక్క మాట వదిలేసి మిగతా వాక్యం కొట్టాను. నా జీవితంలో అచ్చు తప్పులు ఎన్నో చేశాను. అవన్నీ వేళ్ళవి. అచ్చంగా తప్పు అనదగ్గది మాత్రం బుర్రతో చేశాను, అదీ ఒక్క అక్షరం కూడా తప్పు పోకుండా. ఆ పూట డిఫెన్సు వకీలు రాలేదని మిగతాది మరుసటి రోజుకు వేశారు. కాగితం వేలిముద్ర లేకుండానే ఫైలులోకి పోయింది.

సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టె కొడుతోంది. కేసు ఏమైందే అని రోజూ అడిగేది. నేను నా ప్రతాపం వర్ణించాను. జడ్జిగారు ఊరికే ఊతపదంలాగా సడన్లీ అంటే, సాక్షి అనలేదని నేను ఎట్లా వదిలేశానో, నా నిజాయితీ ఎంతటిదో. “సడన్లీ అంటే ఏంది?” అంది అమ్మ. “అదాటున” అన్నాను. “గది రాస్తె ఏమైతది? రాయకుంటె ఏమైతది?” ఖాదర్ సాబ్ చెప్పిందంతా చెప్పాను. చెప్తూనే, చెప్తున్న నోరు నాకే వినిపించడం మొదలైంది. కానీ ఆపే లోపల అమ్మ చెయ్యి వచ్చింది.

పిండి చెయ్యి. చెంప మీద పడి, కళ్ళు చీకట్లు కమ్మాక గానీ అది దెబ్బ అని తెలియలేదు. అమ్మ నన్ను అంతకు ముందు ఎప్పుడూ కొట్టలేదు. గాజులు తియ్యలేదు. రెండు పగిలాయి, ఒక ముక్క నా దవడను గీసుకుంటూ పోయింది. నెత్తురు, పిండి కలిసి మెడ మీదికి జారింది. నేను నిఘంటువులో చదివిన మాట అర్థం అప్పుడు తెలిసింది. అమ్మ తన చేతిని తానే, అది ఎవరిదో అన్నట్టు చూసుకుంది. ఆ తర్వాత చెంపకు కొంగు అద్దుతూ, పళ్ళు కరుచుకుని, గొంతు తగ్గించి అంది: “నీకు నిజం కావాల్నా? నిజం నా దగ్గరుంది. రెండు దినాల ముందుగాల వచ్చింది ఎల్లమ్మ. అక్కా, రోకలి లోపట పెట్టుకున్న అన్నది. ఏం దంచుతవే అన్న. నవ్వింది. నేను సుత నవ్విన. తెలువకనా నేను నవ్వింది? తెలిసే నవ్విన. పో, నన్ను సుత బోనుల నిలవెట్టు. అదాటున కాదు, ముందుగాల్నే తెలుసు అని కొట్టు నీ మిషిని మీద.” ఇంకా ఏదో అనబోయి, బయట సైకిల్ స్టాండు చప్పుడు విని, మిగిలిన గాజులు అలవాటుగా తియ్యబోయింది. ఆ రోజు స్టాండు మెల్లగానే పడింది.

అంటే నేను వదిలేసింది అబద్ధమే. ఆ అబద్ధాన్ని తిరిగి పెట్టకపోతే ఎల్లమ్మ పిల్లలకు తండ్రితో పాటు తల్లీ లేనట్టే. ఖిలా వరంగల్లు నుంచి నడిచి వచ్చిన ఆ రెండు కాళ్ళు ఇక జైలు గోడ దాటవు. మరుసటి పొద్దున జడ్జిగారి గదిలోకి పోయి, వాచిన చెంపతో నిలబడి, ఒక మాట వదిలేశానండీ అన్నాను. ఆయన కాగితం చూసుకున్నారు. “ఎందుకు వదిలేశారు?” “సాక్షి ఆ మాట అనలేదండీ.” ఆయన కళ్ళజోడు తీశారు. “మరి నేనన్నానా?” అన్నారు. అడగడం నన్ను కాదు. చాలాసేపు కిటికీలోంచి సైకిళ్ళ వైపు చూశారు.  చివరకు అన్నారు: “మీరు వదిలేసింది తప్పు. నేను చేర్చింది అంతకన్నా తప్పు. ఇప్పుడు నేను పెట్టమని చెప్పలేను, వద్దనీ చెప్పలేను. ఆమెనే అడగాలి.”

నా ప్రాణం పోయింది. అడిగితే? కన్నతల్లి. ఆమె ఒక్కసారి కాదంటే చాలు. నిన్న జడ్జిగారి అలవాటు మూలాన ఎల్లమ్మకు ఊరికే దొరికిన బతుకును నేను లాక్కుని, ఇవాళ ముసలమ్మ చేతిలో పెట్టాను.

నర్సవ్వ మళ్ళీ బోనెక్కింది. జడ్జిగారు తన పుస్తకాల తెలుగులో, “నిందితురాలు ఆకస్మికంగా లేచిందా, లేక ముందుగా సంకల్పించుకుని ఉందా?” అన్నారు. ముసలమ్మ ఖాదర్ సాబ్ వైపు చూసింది. ఆయన పాన్ పక్కకు నెట్టి, “అవ్వా, కోడలు అదాటున లేచిందా, ముందుగాల్నే అనుకోని కూసున్నదా అని అడుగుతాండు దొర” అన్నాడు. నర్సవ్వ ఎల్లమ్మ వైపు తిరిగింది. ఇద్దరు ఆడ పోలీసుల నడుమ ఎల్లమ్మ తల ఎత్తలేదు. 

“నా కొడుకు కొట్టుడు అదాటున కాదు దొరా” అంది ముసలమ్మ. “నెత్తి తువ్వాల ఇప్పి, కొక్కానికి తగిలేసి, గప్పుడు కొడ్తుండె. తొమ్మిదేండ్లు. నేను సూసుకుంట కూసున్న. కన్నదాన్ని గదా, తువ్వాల తీస్తాండంటెనే నాకు ఎరుక, ఇయ్యాల దీనికి ఉన్నదని. లేచి బయటికి పోయేదాన్ని. గా పొద్దు సుత కొట్టి, దీని నోట్లె నుంచి నెత్తురు కారంగనే బువ్వ పెట్టిచ్చుకున్నడు. ఇది లేచుడు మాత్రం అదాటుననే. లేస్తదని నేను అనుకుంటనా?”

ప్రాసిక్యూటర్ లేచాడు. “రోకలి రెండు రోజుల ముందే లోపలికి వచ్చింది కదా?”

“రోకలెప్పుడు లోపటనే ఉంటది.” ఆ మాట అన్నప్పుడు ఆమె ఎవరి వైపూ చూడలేదు.

“కోడలు ఇంత పని చేస్తదని నీకు ముందే అనిపించలేదా?”

“అనిపిస్తె” అంది నర్సవ్వ, “నేనే ముందుగాల లేద్దును.”

ఎందుకు లేచేది, అడ్డం పోవడానికా, రోకలి తనే ఎత్తడానికా అని ఎవరూ అడగలేదు.  జడ్జిగారు గొంతు సవరించుకున్నారు. రోకలి మాట, ఆ పొద్దుటి దెబ్బల మాట రెండు పొడి వాక్యాలుగా చెప్పారు. ఆ తొమ్మిదేళ్ళ నుంచి, తువ్వాల నుంచి, కొక్కెం నుంచి, ఇంగ్లీషులోకి వచ్చింది ఒక్క మాట: సడన్లీ. ఈసారి కళ్ళు తెరిచే చెప్పారు. నేను కొట్టాను.

వేలిముద్రకు ముందు ఆ రోజు నేను కాగితం నిజంగా చదివాను, తెలుగు చేసి, మొదటినుంచి చివరిదాకా. ఖాదర్ సాబ్ గడియారం చూసుకున్నాడు గానీ ఆపలేదు. అంతా విన్నాక నర్సవ్వ ఒక్కటే అడిగింది: “నా కొడుకు పేరు సక్కగ రాసినవా బిడ్డా? రాజయ్య. సక్కగ రాయి.” రాశానవ్వా అన్నాను. సిరా పూసిన బొటనవేలు ఆనించి, దాన్ని కొంగుకు కాదు, తన నెత్తికి తుడుచుకుని, మెల్లగా మెట్లు దిగిపోయింది. ఇద్దరు మనుమలూ చెట్టు కింద ఆమె కోసం కూర్చుని ఉన్నారు.

తీర్పులో ఎల్లమ్మకు జీవిత ఖైదు పడలేదు. కొన్నేళ్ళే పడ్డాయి. ఆ సాయంత్రం ఇంట్లో చెప్తున్నప్పుడు బాపు కూడా ఉన్నాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అంతా విన్నాడు. రోకలి పెరట్లోదా, నడిమింట్లోదా అనే వాదన ఆయనకు బాగా నచ్చింది, రెండుసార్లు చెప్పించుకున్నాడు. “ఆడిదానికి గంత బలముంటదా” అన్నాడు. అమ్మ అన్నం వడ్డించింది. మరుసటి పొద్దున నేను కోర్టుకు పోయేటప్పుడు, పెరట్లో రోటి దగ్గర రోకలి లేదు.

మూడు రోజులకు సైకిల్ స్టాండు ఠక్కుమంది. బాపు లోపలికి వచ్చాడు. అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. ఇత్తడి చెంబు ఉన్నచోటే ఉంది, కత్తిపీట ఉన్నచోటే ఉంది. బాపు గడియారం పట్టీ విప్పి గూటి వైపు చెయ్యి చాపాడు. గూటి కింద రోకలి నిలబడి ఉంది. పొన్ను తోమి, కడిగి, పసుపు రాసి ఉంది. ఆయన చెయ్యి గాలిలో ఆగింది. అమ్మ వైపు చూశాడు. అమ్మ గాజులు తియ్యలేదు. అట్లా ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు, ఆ గడియారానికి తెలిసి ఉంటుంది. తర్వాత బాపు మెల్లగా పట్టీ మళ్ళీ మణికట్టుకు కట్టుకున్నాడు. “అన్నం పెట్టు” అన్నాడు. అది మగ్గాల మీదినుంచి వచ్చిన గొంతు కాదు.

ఆ తర్వాత ఆయన గడియారం మళ్ళీ ఇంట్లో విప్పలేదు. దానితోనే స్నానం, దానితోనే నిద్ర. నీళ్ళు పోయి ఆగిపోయినా కట్టుకునే ఉన్నాడు. పోయిన రోజున విప్పితే, కింద చర్మం పసిపిల్ల చర్మంలాగా తెల్లగా ఉంది. ఉన్నట్టుండి మారిపోయిండు మనిషి అని చుట్టాలంతా ఆశ్చర్యపోయేవాళ్ళు. అమ్మ “అయితది తియ్యి” అనేది. ఎల్లమ్మ జైలు నుంచి వచ్చాక మళ్ళీ గంప దించింది. మొదటి రోజు చాయ్ తాగుతూ గూటి కింద చూసింది, అమ్మను చూసింది, సగం పన్నుతో నవ్వింది. “ఏం దంచుతవు అక్కా?” అంది.

ఆ కాలానికీ ఈ కాలానికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, అప్పుడు సడన్లీ ఒక్క కోర్టులోనే ఉండేది, ఇప్పుడు ఇంటింటా ఉంది అంటాను. టీవీలో అన్నీ సడన్‌గానే జరుగుతాయి. నాలుగో అంతస్తులో మా పక్క వాటాలో నిఖిత అని ఒక అమ్మాయి, మొగుడు. ఇద్దరూ కంప్యూటర్ ఉద్యోగాలు, తలుపుకు అంకెలు నొక్కే తాళం. నేను వచ్చిన రెండో వారంలో ఆ అమ్మాయి కన్ను కింద నల్లబడి లిఫ్టు దగ్గర కనిపించింది. “ఏమైంది బిడ్డా?” అంటే, “ఏం లేదు ఆంటీ, సడన్‌గా కబోర్డ్ డోర్ తగిలింది” అంది. తెలుగే. మొత్తం నాకు అర్థమయ్యే తెలుగే.

లిఫ్టు వచ్చింది. నేను ఎక్కలేదు. “ఆయన ముందు ఏం విప్పుతడు బిడ్డా?” అని అడిగాను.

అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. ముఖంలో రంగంతా దిగిపోయి, కన్ను కింది నలుపు ఒక్కటే మిగిలింది. లిఫ్టు తలుపు మూసుకుంది. “వాచ్, ఆంటీ” అంది చివరకు. “చార్జింగ్‌కు పెడతడు.”

లోపలికి పిలిచాను. చాయ్ పెట్టాను. నా గడపలో చెప్పుల స్టాండు పక్కన నిలబెట్టిన రోకలిని చూసి ఇదేంటి అంటే, మీకు చెప్పినదంతా చెప్పాను. చీకటి పడక ముందే లేచింది. ఆయన వచ్చే వేళ అట. పోతూ పోతూ వంగి దాన్ని ఎత్తి చూసింది. “చాలా బరువుంది ఆంటీ.”

“ఎత్తే పని పడదు. కనబడేటట్టు పెడితె చాలు” అన్నాను. మా అమ్మకు చాలిందని కూడా అన్నాను. ఎల్లమ్మకు చాలలేదు. ఆ రెండో మాట నేను అనలేదు, తనకు గుర్తుండే ఉంటుంది. రోకలిని భుజాన వేసుకుని, చెయ్యి పట్టుకునే నున్నటి చోటు వెతుక్కుంటూ, నిఖిత తన తలుపు దాకా నడిచి, ఒక్క చేత్తో అంకెలు నొక్కింది.